అజ్జిని మోదుగ పూలడిగిన అల్లుడు

ఒక్క అక్షరం మింగినందుకు అత్తగారింట్లో నా పరువు ఎలా పోయిందో చెబుతాను. నవ్వండి, పర్వాలేదు. ఎవరెవరు నవ్వారో గుర్తుపెట్టుకోవడం నాకు అలవాటే.

మాది ధర్మవరం, పట్టుకు రంగులద్దే ఇల్లు. నా భార్య గిరిజది హిందూపురం. వాళ్లింట్లో కన్నడం మాట్లాడతారు. పెళ్లిలో ఆమె చిన్నాన్న అందరి ముందూ, "ఏమే గిరిజా, నీ మొగునికి నోరుండాదా, ధర్మవరంలోనే పెట్టొచ్చినాడా?" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

కొత్తల్లుడిగా మొదటిసారి గిరిజతో రైల్లో హిందూపురం వెళ్తుంటే, పెనుకొండ గుట్టల మీద మోదుగ చెట్లు ఆకన్నది లేకుండా నిప్పంటుకున్నట్టు పూసి ఉన్నాయి. ఆ పూల రంగు పట్టుకు వేసి చూడాలని మా నాయనకు కోరిక. గిరిజ వాళ్ల అజ్జి, అంటే నాయనమ్మ, మోదుగాకు విస్తర్లు కుడుతుంది, పెరట్లో చెట్టు కూడా ఉంది. పూలు కన్నడంలోనే అడిగి ఆ చిన్నాన్న నోరు మూయించాలని పట్టుబట్టాను.

"మోదుగను మీరేమంటారు?" అని గిరిజను అడిగాను.

"ముత్తుగ."

"ఇవ్వండి అంటే?"

"కొడి."

"ఒక సంచి?"

"ఒందు చీల. ఎందుకొచ్చిన తంటా? తెలుగులోనే అడగరాదా?"

దారంతా జపించాను. స్టేషన్ బయట ఆటోవాడితో బేరమాడుతుంటే చివరి 'గ' ఎక్కడో జారిపోయింది. కన్నడంలో ముత్తుగ అంటే మోదుగ, ముత్తు అంటే ముద్దు. ఇది ఇప్పుడు మీకు తెలుసు. అప్పుడు నాకు తెలియదు.

వసారాలో అజ్జి విస్తర్లు కుడుతోంది. చుట్టూ అత్త, వదినలు, ఆ చిన్నాన్న. గొంతు సవరించుకున్నాను.

"అజ్జీ, ముత్తు కొడి!"

అజ్జి చేతిలో పుల్ల ఆగిపోయింది. "ఏమప్పా?"

"ముత్తు! ఒందు చీల!"

"సంచెడా!" వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

"నా వయసేంది, నువ్వడిగేదేంది అల్లుడా?" అజ్జి తెలుగులోకి దిగింది.

కొమ్మలు వంచి కోయలేనంటోంది కాబోలు అనుకున్నాను. "మీరు లేయొద్దు అజ్జీ. వదినెలు ఇచ్చినా సరే!"

చిన్నాన్న లుంగీ ఎగగట్టి లేచాడు. "సంచెడు ఏం చేసుకుంటావప్పా?"

"నాకు గాదు మామా, మా నాయనకు! ఎండినవైనా పర్వాలేదన్నాడు."

నవ్వులకు ఇల్లు పగిలిపోయింది. అత్త గోడ పట్టుకుంది. అందరికంటే ముందు నవ్వింది గిరిజ. ఇది రాసిపెట్టుకోండి, నేనైతే మరిచిపోను. "గ! ముత్తుగ! గ మింగినావు! నువ్వడిగేది ముద్దులు!" అంటూ నేల మీద కూలబడింది.

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అజ్జి మాత్రం మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి, నా రెండు చెంపలూ పట్టుకుని నుదుటి మీద గట్టిగా ఒక ముద్దు పెట్టింది.

"ఈ ఎండినది నీకి. మీ నాయనకి సంచెడంటే నా చేత గాదు. ఆయప్పను ఈడికే పంపీ. మా చిన్నోడు మీసాలతో ఇస్తాడు."

నవ్వుతున్న చిన్నాన్న చటుక్కున ఆగిపోయాడు. ఆ ముఖం చూడటానికి ఇంకోసారి పరువు పోయినా నష్టం లేదనిపించింది.

అయినా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై హిందూపురంలో ఏ పువ్వు కావలసినా నోరు తెరవను, చెట్టును వేలితో చూపిస్తాను. చూపించే ముందు ఆ చెట్టు కింద వదినలెవరూ లేరని చూసుకుంటాను.