నేను యాజకుణ్ణయిన ఆదివారం

ఒక మనిషి కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ఎవరి మీదా చెయ్యెత్తకుండా ఒక సంఘాన్నంతా అతలాకుతలం చెయ్యగలడంటే మీరు నమ్మరు. నేను చేశాను. అదీ దేవుడి సన్నిధిలో, అయ్యగారి ఎదుట, శుభ్రంగా ఉతికిన పంచె కట్టుకుని మరీ.

అప్పట్లో నాగాయలంకలో మిషను బడి పంతుల్ని. బందరులో ట్రైనింగు ముగించుకుని కొత్తగా పడవ దిగాను. మీసాలు ఇంకా సరిగ్గా రాలేదు గాని, జ్ఞానం మాత్రం పూర్తిగా వచ్చేసిందని నా నమ్మకం. మా గుడి ఒక తాటాకుల పాక. పాస్టరు యోహాను అయ్యగారు కాలవ మీద పడవలో నెలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు సంఘపెద్ద దావీదుగారే ఆరాధన నడిపించేవారు.

ఒకసారి అయ్యగారు ప్రసంగంలో అన్నారు: "యాజకుడంటే ఎక్కడో అంగీ తొడుక్కుని కూర్చున్నవాడు కాదు. నమ్మిన ప్రతివాడూ యాజకుడే. పొరుగువాడి భారం ఎత్తి దేవుడి ముందు పెట్టడమే యాజకుడి పని."

అందరూ తలలూపి, ఇళ్లకు వెళ్లి, చేపల పులుసు తిని కునుకు తీశారు. నేను మాత్రం మర్నాడే భారాల వేటకు బయలుదేరాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త యాజకుడు పొద్దూ ఎరగడు, హద్దూ ఎరగడు.

మొదట బడి పక్కింటి సువార్తమ్మగారి గుమ్మం ఎక్కాను.

"మీ భారం ఏమిటో నాకివ్వండి, సువార్తమ్మగారూ."

"కట్టెల మోపా బాబూ? అదుగో, ఆ మూలనుంది. కాస్త పొయ్యి దగ్గర పడేద్దూ."

పడేశాను. చెమట తుడుచుకుంటూ, "ఈ భారం కాదండీ, మనసులో భారం," అన్నాను.

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కోడలు అటు తిరగ్గానే దాని కూరలో గుప్పెడు ఉప్పు పోస్తున్నాను బాబూ. నా కొడుకు దాని వంటే బాగుందంటుంటే ఓర్చుకోలేకుండా ఉన్నాను. మానుదామంటే మానలేను. నాకోసం ప్రార్థన చెయ్యి. ఎవరికీ చెప్పకేం!"

"దేవుడికి తప్ప ఎవరికీ చెప్పనండీ," అని మాటిచ్చాను. ఆ మాట తప్పలేదు సుమండీ! దేవుడికే చెప్పాను. కాకపోతే కాస్త గట్టిగా చెప్పాను.

తరవాత సాక్షాత్తూ దావీదుగారే నన్ను కాలవగట్టుకి పిలిచారు. "తెల్లారకముందే ఏకాంత ప్రార్థనకని తాటితోపుకి వెళ్తుంటాను గదా పంతులూ. ఈ మధ్య అక్కడ ప్రార్థన కంటే కల్లుముంత ముందు కనబడుతోంది. మా ఇంట్లో తెలిస్తే బతకనివ్వదు. నా గురించి కాస్త..."

"నాకొదిలెయ్యండి!" అన్నాను.

మూడో భారం ఆయన కూతురు రూతు తెచ్చింది. వాళ్లమ్మ మరియమ్మగారు పంపిన మజ్జిగ చెంబు బడి అరుగు మీద పెట్టి, "పంతులుగారూ, నాకో సంబంధం చూస్తున్నారు. అది తప్పిపోవాలని ప్రార్థన చేస్తారా?" అంది.

"ఏమ్మా, మనిషి మంచివాడు కాదా?"

"మంచివాడేనండీ. నోరు తెరిస్తే మూయడు. ఎదుటివాళ్లు ఏం చెబుతున్నారో వినడు."

"అయ్యయ్యో! అలాంటివాడితో కాపురం ఎలా చేస్తావు? బందరులో మా ట్రైనింగు మేష్టారొకాయన ఇలాగే..." అని మొదలుపెట్టి, ఆ మేష్టారి సంగతీ, వాళ్లావిడ సంగతీ, వాళ్ల బావమరిది సంగతీ ఏకరువు పెట్టాను. రూతు అరుగు స్తంభానికి ఆనుకుని ఓపిగ్గా నిలబడింది.

"ఇప్పుడైనా ఆ మనిషెవరో మీకు తెలిసిందాండీ?" అంది చివరికి.

"నాకు తెలియకపోతేనేం? దేవుడికి తెలుసుగా!"

ఆ పిల్ల పెద్ద నిట్టూర్పు విడిచి చెంబు తీసుకుని వెళ్లిపోయింది. మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నాకు కాలేదు.

మళ్లీ అయ్యగారు వచ్చిన ఆదివారం గుడి కిటకిటలాడింది. "మీలో ఎవరైనా ప్రార్థన చెయ్యండి," అన్నారాయన. ఆ మాట పూర్తికాకముందే లేచి కళ్లు మూశాను.

"ప్రభువా! కోడలి కూరలో గుప్పెళ్లకొద్దీ ఉప్పు పోస్తున్న సువార్తమ్మగారి చేతిని ఆపుము!"

"అత్తా, నువ్వా!" అని ఒక కేక వినబడింది. సభ మీద ఆత్మ దిగుతోందనుకుని గొంతు పెంచాను.

"తాటితోపులో ముంత చుట్టూ తిరుగుతున్న నీ దాసుడు దావీదుగారిని విడిపించుము!"

"ఏకాంత ప్రార్థనంటే ఇదా? ఇంటికి రండి, చెప్తాను!" మరియమ్మగారి గొంతు అది.

"ఇక చాలు బాబూ, ఆమేన్," అన్నారు అయ్యగారు కంగారుగా.

"ఇంకా ఉందండీ!" అన్నాను, కళ్లు తెరవకుండానే. "ప్రభువా, నీ కుమార్తె రూతును కనికరించుము! ఎవడో వాగుడుకాయకిచ్చి పెళ్లి చేస్తున్నారట. ఆ మూర్ఖుడి బారినుంచి ఈ పిల్లను కాపాడుము. ఆ సంబంధం చెడగొట్టుము!"

చంటిపిల్లలు కూడా ఏడుపు మానేశారు. కళ్లు తెరిస్తే, రూతు నోట్లో పైటచెంగు కుక్కుకుని ఎర్రబడిపోయి ఉంది. అయ్యగారు కండువాతో ముఖం కప్పుకున్నారు. నవ్వో ఏడుపో ఇప్పటికీ తెలియదు.

"ఆ సంబంధం ఎవరిదో తెలుసా, బాబూ?" అన్నారు అయ్యగారు.

"తెలియదండీ. ఎవడైనా సరే, చూపిస్తే నాలుగు దులిపేస్తాను!"

"నీదేనయ్యా. బందరు నుంచి మీ మావయ్య కబురు పెడితే నేనే మాట్లాడాను. ఊరందరికీ తెలుసు. ఆరాధన కాగానే నీతో చెబుదామనుకున్నాం."

నేను దావీదుగారి వైపు చూశాను. ఆయన మరియమ్మగారికి అందకుండా పక్కకి జరుగుతూ, "ఇంక మనం చెప్పేదేముంది అయ్యగారూ? కుర్రాడు పైవాడితోనే మాట్లాడేసుకున్నాడు," అన్నారు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ వారమంతా ఊళ్లో నాకు మజ్జిగ పోసినవారు లేరు.

అయితే ఒకటి చెప్పాలి. నా ప్రార్థనల్లో ఒక్కటీ వృథా పోలేదు. కోడలు ఉప్పుకుండ అటకెక్కించింది. దావీదుగారి ఏకాంత ప్రార్థన సొంత పెరట్లోకి మారింది, మరియమ్మగారు పక్కన కూర్చున్నారు. రూతుకి ఆ వేసవిలోనే గుడివాడలో ఒక కాంపౌండరుతో పెళ్లయింది. మితభాషి అట. విందులో వడ్డించింది నేనే.

ఆ ఆదివారం సాయంత్రమే అయ్యగారు పడవ ఎక్కబోతూ నా భుజం తట్టారు. "యాజకుడివే బాబూ, కాదనను. ఇకమీదట తలుపేసుకుని చెయ్యి."

కాలవనీళ్లు దోసిట పట్టుకుని అక్కడికక్కడే ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం దేవుడికి చెవుడు లేదని గుర్తుంచుకుంటాను. ఏ ఆడపిల్లయినా సంబంధం తప్పించమని అడిగితే, ప్రార్థనకు కూర్చునే ముందు పెళ్లికొడుకు పేరు కనుక్కుంటాను.