బొమ్మ నాది, పొడి నాది కాదు

నిన్న పొద్దున్న వైజాగ్‌లో ల్యాబ్ తలుపు తీస్తుంటే నాన్న ఎస్సెమ్మెస్.

"సూరి బాబాయ్ పోయేడు. బయల్దేరు."

మూడుసార్లు చదివాను. పోయిన వారమే ఫోన్లో "కాలి పుండు ఎండిపోతోందే అమ్మడూ" అన్నాడు.

ఎండలేదు. విషం ఒళ్ళంతా పాకింది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి షుగర్ మీటర్ చూపించలేనంత ఉందట.

ఇంకా ఏడుపు రాలేదు. అసహ్యం వస్తోంది.

తెలియనివాళ్ళకి: బాబాయ్ మా నాన్న తమ్ముడు. బండారులంకలో ముప్పై ఏళ్ళు మగ్గం నేశాడు. కాన్వెంట్ నుంచి వచ్చి నేను ఆ మగ్గం పక్కనే కూర్చుని చదువుకునేదాన్ని. ఎవరైనా పలకరించబోతే "పాపని కదపకండి, లెక్క తప్పుద్ది" అనేవాడు. నేను చదివేది కథల పుస్తకం.

రెండేళ్ళ క్రితం మా ల్యాబ్‌లో ఒక క్రిస్టల్ పెరిగింది. ఉప్పు రవ్వలో సగం కూడా లేదు.

మన ఒంట్లో ఒక ఎంజైమ్ ఉంది. రక్తంలో షుగర్ ఎక్కువైతే దాన్ని ఇంకో రకం చక్కెరగా మారుస్తుంది. అది కంటి కటకంలో పేరుకుని చూపు మసకేస్తుంది. ఆ ఎంజైమ్‌కి ఒక గుంట ఉంది. ఇన్హిబిటర్ అనే చిన్న అణువు ఆ గుంటలో దూరితే ఎంజైమ్ ఆగిపోతుంది. ఎలా దూరిందో, ఆ రెండూ కలిసిన క్రిస్టల్ మీద ఎక్స్‌రేలు వేసి చూసి, కలర్ బొమ్మ తీశాం. ఒక ప్రింట్ ఇంటికి తెచ్చాను.

బాబాయ్ కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూశాడు.

"అంటే నాడె దారిలో పుల్ల అడ్డం పెట్టేరు. మగ్గం ఆగింది. అంతేనా?"

అంతే. నాడె అంటే మగ్గంలో అటూ ఇటూ దారం మోసుకెళ్ళేది. మా సెమినార్‌లో ఎవరూ అంత తొందరగా పట్టుకోలేదు.

"మరి మందెప్పుడొస్తాది?"

"ఇది మందు కాదు బాబాయ్. బొమ్మే. మందు రావడానికి ఏళ్ళు పడుతుంది. రాకపోనూ వచ్చు."

నవ్వేశాడు. "గ్రాఫు గీసి అట్టలు కొట్టేక చీర రాకుండా ఎక్కడికి పోద్దే?"

తన పనిలో అది నిజం. కాగితం మీద గళ్ళు నింపి, ఆ ప్రకారం మగ్గం అట్టలకి చిల్లులు కొడితే నెల తిరిగేలోగా ఆ అంచు మగ్గం మీద ఉంటుంది. బాబాయ్ బతుకులో కాగితం మీదకి వచ్చిన బొమ్మ ఒక్కటీ చీర కాకుండా పోలేదు.

కొత్తపేట వైపు నుంచి బండి మీద తిరుగుతూ షుగర్ తగ్గుతుందని పొడి అమ్మే ఒకాయన ఉన్నాడు. పేరు రాయను. రాయడానికి చెయ్యి రావట్లేదు. ఆ ప్రింట్ చూసి "ఒక్క జిరాక్స్ ఇప్పించండీ" అని అడిగితే బాబాయ్ గర్వంగా ఇచ్చాడు.

పోయిన వేసవిలో వచ్చేసరికి నా ఎంజైమ్ బొమ్మ ఆయన పొడి ప్యాకెట్ మీద ఉంది. కింద "మన కోనసీమ అమ్మాయి కనిపెట్టిన ఫార్ములా".

బాబాయ్ ఇన్సులిన్ మానేశాడు.

ఆ మనిషి అప్పుడు మా అరుగు మీదే కూర్చున్నాడు. నేను మెల్లగా అన్నాను, "ఇది నేను చేసింది కాదు. సూదులు మానొద్దు బాబాయ్."

"చూసేరా అండీ, ఎంత అణకువో. తను కనిపెట్టింది తనే కాదంటన్నారు మేడమ్ గారు."

అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

తర్వాత వంటింట్లో బాబాయ్‌కి మళ్ళీ చెప్పాను. "ఆయ్, మళ్ళీ ఏసుకుంటాలే" అన్నాడు. నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నాను, మాట అక్కడితో అయిపోతుందని.

ఆ ఊరుకోవడం తలచుకుంటే నా మీద నాకే రోత.

నిన్న ఆ పొడి అమ్మేవాడు దండ తెచ్చాడు. "చివరిదాకా నమ్మకం వదల్లేదండీ మహానుభావుడు" అన్నాడు. తర్వాత నా పక్కకి వచ్చి, "మేడమ్, కొత్త ప్యాకెట్‌కి ఇంకాస్త మంచి కలర్ బొమ్మ ఉంటే..."

బాబాయ్ ఇంకా వాకిట్లోనే ఉన్నాడు.

నేను బాబాయ్ కాళ్ళ దగ్గర ఈగలు తోలుతూ కూర్చున్నాను.

ఈ పొద్దున్న పిన్ని మజ్జిగలో అదే పొడి కలుపుకుంటోంది. తనకీ షుగర్. గ్లాసు లాక్కుని పారబోశాను. పిన్ని కోప్పడలేదు.

"అమ్మడూ, ఇలా ముందే పారబొయ్యొచ్చు కదే."

గ్లాసు కడిగి బోర్లించాను.

మైలలో బయటికెళ్ళకూడదన్నారు. అయినా అమలాపురం వచ్చాను. పిన్నికి ఇన్సులిన్ కొని, పక్కనే నెట్ సెంటర్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను.

ఆ ప్యాకెట్ మీది బొమ్మ నాది. పొడి నాది కాదు. అందులో ఏముందో నాకు తెలీదు. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఇది చదివి వినిపించండి. సూదులు, మాత్రలు మాననివ్వకండి. నమ్మకపోతే నన్ను పిలవండి. మీ అరుగు మీదకి వచ్చి అందరి ముందూ చెబుతాను. వాడున్నా సరే.

బాబాయ్, వెళ్ళిరా. ఏ నొప్పీ లేనిచోట నీకు హాయిగా నిద్ర పట్టాలి.