రాతి మీద ఊరికే చెక్కిన పంతొమ్మిది

ఆర్డిత్ క్లౌసన్‌కు బతుకంతటిలో ఊరికే వచ్చింది ఒక్కటే. అది ఆమె సమాధి రాయి మీద చెక్కిన పంతొమ్మిది. దాని మూలంగా తొంభై ఒకటో ఏట ఆమె ఇంటిల్లిపాదినీ పెట్టిన తిప్పలు, ముఖ్యంగా పెద్దకూతురు లొరీన్ పడ్డ యాతన, నెబ్రాస్కాలో మా టర్కీ వాగు చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. లొరీన్‌కు మాత్రం ఆ ఏడు నవ్వు రాలేదు.

సంగతి 1961 జూలైలో మొదలైంది. గోధుమ కోతలు సగంలో ఉండగా ఆర్డిత్ మొగుడు ఎమిల్ ట్రాక్టర్ సీటు మీదే గుండె ఆగి పోయాడు. ఆర్డిత్ వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే తలెత్తి పడమటి దిక్కు మబ్బు చూసింది. అంత్యక్రియల కోసం కోత ఒక్క పూట ఆపించింది. పొద్దున సమాధి దగ్గర కీర్తన పాడిన మగాళ్లందరూ మధ్యాహ్నానికి పొలంలో యంత్రాల మీద ఉన్నారు. వాళ్లకు కోడిమాంసం, బంగాళాదుంపలు వండి మోసుకెళ్లింది కూడా ఆమే. "ఎమిలే ఉంటే ఆ పూట కూడా ఆపనిచ్చేవాడు కాదు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

మా వైపు ఆలుమగలిద్దరికీ కలిపి ఒకటే రాయి వేస్తారు. బతికున్నవాళ్ల పేరూ, పుట్టిన ఏడూ ముందే చెక్కించేసి, పోయే ఏడు కోసం చోటు వదిలేస్తారు. రాయి చెక్కే హైనీ ఉలి పట్టుకుని, "ఆర్డిత్ గారూ, ఎలాగూ కూర్చున్నాను. మీరు పోయే ఏడులో మొదటి రెండంకెలు ఇప్పుడే చెక్కి పారేస్తాను, ఊరికే. తర్వాత మీ పిల్లలకు రెండంకెల ఖర్చుతో పోతుంది" అన్నాడు. అప్పటికి ఆమెకు యాభై మూడేళ్లు. తల్లి అరవైకే పోయింది. ఇంకో నలభై ఏళ్లు, రెండువేలు దాటేదాకా బతకడమా? "చెక్కు నాయనా, చెక్కు" అంది. అదే ఏడు అదే వరసలో ఇంకో ముగ్గురు విధవరాళ్లు కూడా ఆ బేరానికే ఒప్పుకున్నారు. ఆ ముగ్గురూ బుద్ధిగా గడువు లోపలే వెళ్లిపోయారు.

ఆర్డిత్ ఒంటికి మాత్రం ఆ గడువు సంగతి ఎవరూ చెప్పలేదు. పద్దెనిమిదో ఏట పెళ్లయి వచ్చిన మర్నాటి నుంచి ఆమె తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తూనే ఉంది. పదకొండు ఆవుల పాలు పితికేది. ధూళి తుఫాన్ల కాలంలో పళ్లేలన్నీ బోర్లించి ఉంచి, వడ్డించే క్షణాన మాత్రమే తిప్పేది. లొరీన్ ఉయ్యాల మీద తడిదుప్పటి కప్పి పెంచింది. మిడతలు వచ్చిన ఏడు అవి పంటంతా తిని, చాలక కిటికీకున్న పచ్చ తెర కూడా తినిపోతే, మర్నాడు ఆ మిగిలిన పీలికలతో చేతిగుడ్డలు కుట్టింది. పిల్లల బట్టలన్నీ దాణా సంచుల గుడ్డే. పూల అచ్చు ఉన్న సంచులు లొరీన్ గౌన్లకు పోయేవి, పూలు లేనివి కవల తమ్ముళ్ల నిక్కర్లకు. బడిలో వాళ్లు వంగినప్పుడల్లా వెనక 'మేలురకం కోడి దాణా' అని చదువుకుని బడంతా నవ్వేది. ఆమె ఇంట్లో అతుకు పడని వస్తువు లేదు. మూకుడుకు అతుకు, బకెట్‌కు అతుకు, ఎమిల్ పంట్లాంలో అసలు గుడ్డ ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

1999 మే నెలలో, సమాధులకు పూలు పెట్టే రోజున, లొరీన్ తల్లిని కారులో శ్మశానానికి తీసుకెళ్లింది. కాఫీ డబ్బాల్లో పియోనీ పూలు, ఒక బకెట్, ఒక బ్రష్షు. ఆర్డిత్ మోకాళ్ల మీద కూర్చుని రాయి తోముతూ తోముతూ ఆగిపోయింది.

"ఒసేయ్ లొరీన్, ఇది ఏ సంవత్సరమే?"

"తొంభై తొమ్మిదమ్మా."

"ఇంకా ఎన్నాళ్లుంది?"

"దేనికి?"

"సంవత్సరానికే!"

"ఏడు నెలలు."

ఆర్డిత్ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "సరిపోతుంది" అని మళ్లీ తోమడం మొదలెట్టింది.  ఆ గొంతు లొరీన్‌కు బాగా తెలుసు. చలికాలం లోపల దుంపలన్నీ తవ్వించే గొంతు అది.

ఆ వేసవి ఆర్డిత్ టమాటాలు సీసాల్లో పట్టలేదు. డెబ్బై మూడేళ్లలో మొదటిసారి. శరత్కాలంలో వెల్లుల్లి నాటలేదు. నవంబరులో తన పద్నాలుగు కోళ్లనూ గంపల్లో పెట్టి పక్క పొలం ఒపల్‌కు ఇచ్చేసింది. ఖాళీ సీసాలన్నీ చర్చికి పంపింది. ఇనప మూకుడు మనవడి పెళ్లానికి ఇస్తూ, "సబ్బు పెట్టి తోమావంటే దెయ్యమై వస్తాను" అని హెచ్చరించింది. ఆ తర్వాత తన కర్మ భోజనం జాబితా వంటల కార్డు మీద రాసి లొరీన్ చేతికిచ్చింది. వెన్న రాసిన బన్నుల్లో పంది మాంసం, నారింజ జెల్లీ, బంగాళాదుంప సలాడ్. కింద గీత గీసి మరీ రాసింది: సలాడ్ ఒపల్ చేతికి ఇవ్వొద్దు, పంచదార పోస్తుంది.

లొరీన్ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టర్ గుండె విన్నాడు, మోకాలి మీద కొట్టి చూశాడు. "గుర్రంలా ఉన్నారు" అన్నాడు. ఆర్డిత్ ఆయన్ని కసిరింది. "ఈ కాలం డాక్టర్లకు ఏమీ తెలీదు" అని కారులో ఇంటిదాకా గొణుగుతూనే ఉంది.

లొరీన్ చాటుగా రాళ్లు చెక్కే దుకాణానికి కూడా వెళ్లింది. హైనీ ఎప్పుడో పోయాడు, ఆయన కొడుకు గ్లెన్ ఉన్నాడు. చెక్కిన అంకెలను రాతిపొడి మైనంతో పూడ్చి మళ్లీ చెక్కొచ్చు గానీ, అతుకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుందన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పగానే ఆర్డిత్ ఒంటికాలి మీద లేచింది.

"మంచి అంకెలు చెరిపేస్తావా? శుభ్రంగా చెక్కినవి! ఒక్కసారి కూడా వాడలేదు!"

లొరీన్ మొగుడు డువేన్ ఈ గొడవలోకి రాలేదు. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోయి లోకం తలకిందులవుతుందని ఎవరో చెబితే, అతను నేలమాళిగలో చిక్కుడు గింజల డబ్బాలు పేర్చుకుంటున్నాడు. "మీ అమ్మ మంచి టైము చూసుకుంది" అని మాత్రం అన్నాడు. దానికి వారం రోజులు తనే వండుకు తిన్నాడు.

డిసెంబరు ముప్పై ఒకటిన ఆర్డిత్ తల రుద్దుకుని స్నానం చేసింది. నీలం రంగు మంచి గౌను తొడుక్కుంది. ఐదింటికే పాలలో రొట్టె ముంచుకు తిని, గిన్నె కడిగి బోర్లించి, మంచం మీద వెల్లకిలా పడుకుని చేతులు పొట్ట మీద పెట్టుకుంది. లొరీన్ ఆ పక్కనే కుర్చీ వేసుకు కూర్చుంది.

"నువ్వు ఇంటికి పోవే. డువేన్‌కు ఎవరు పెడతారు?"

"చిక్కుడు గింజలు తింటాడు."

"నీలం గౌను ముడతలు పడుతుందేమో."

అంతే, లొరీన్ ఇక ఆగలేకపోయింది. "గౌను సంగతి నాకెందుకమ్మా! ఒక రాయి కోసం చచ్చిపోతావా? రెండంకెలు వృథా పోతాయని? మరి నేనేమైపోవాలి? అరవై ఏడేళ్లొచ్చాయి, మునిమనవలున్నారు, అయినా పొద్దున లేవగానే మా కిటికీలోంచి నీ వంటింట్లో దీపం వెలిగిందా లేదా అనే చూస్తాను. అది వెలిగితేనే నాకు కాఫీ దిగుతుంది. నువ్వు ఉండాలి నాకు. రాయి మీద అతుకు ఉంటే ఏం? ఈ ఇంట్లో అతుకు లేనిది చూపించు ఒకటి!"

 "ముక్కు తుడుచుకో" అంది ఆర్డిత్. దిండు కింది నుంచి చేతిరుమాలు తీసిచ్చి కళ్లు మూసుకుంది. లొరీన్ రెప్ప వేయకూడదని ఒట్టు పెట్టుకుని, తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మెలకువ వచ్చేసరికి మంచం ఖాళీ.  అప్పుడు వంటింట్లో అలమరా తలుపులు ధడేలు ధడేలుమంటూ వినిపించాయి. గడియారం నాలుగు ముప్పై అయిదు. నీలం గౌను మీద ఏప్రన్ కట్టుకుని ఆర్డిత్ ఖాళీ అరల ముందు నిలబడి ఉంది.

"అమ్మా!"

"అరవకు. చావనిచ్చావా నన్ను? రాత్రంతా ఒకటే గురక! మీ నాన్న పోలిక. మనిషి పోవాలంటే కాస్త ప్రశాంతత ఉండొద్దూ? ఆ గురక వింటూ, ఇది రేపు మెడ పట్టేసి మూలుగుతుంది, దీని మెడకు ఎవరు కాపడం పెడతారా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఈలోగా లేచే వేళైంది. ఇంతకీ నా కోడిగుడ్లేవీ?"

"కోళ్లను ఇచ్చేశావు కదమ్మా."

"మూకుడు?"

"అదీ ఇచ్చేశావు."

"అయితే కారు తియ్యి" అంది ఆర్డిత్.

లోకం తలకిందులవకుండా తెల్లారిన ఆ ఉదయం, టర్కీ వాగు వాళ్లంతా కిటికీల్లోంచి చూసింది ఒకటే. లొరీన్ కారు ఇంటింటి ముందూ ఆగుతోంది, ముందు సీట్లో నీలం గౌను. మనవడి పెళ్లాం మూకుడు రెండు చేతులా పట్టుకొచ్చి ఇచ్చింది. ఆర్డిత్ వాసన చూసి, "సబ్బు" అంది. ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. ఒపల్ మాత్రం తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇదేంటమ్మా ఆర్డిత్, ఇచ్చింది తిరిగి అడుగుతారా ఎవరైనా?"

"నేను పోయాక ఉంచుకో అన్నాను. పోయానా?"

ఒపల్ ఆమెను పైనుంచి కిందికి చూసింది. కాదనడానికి లేదు. "పదమూడే ఉన్నాయి" అంది మెల్లగా.

"పద్నాలుగోది?"

"నిన్న... అల్లుడొచ్చాడు."

"ఏది? ఆ మచ్చలదేనా? అది రోజు విడిచి రోజు గుడ్డు పెట్టేది!" ఒపల్ మిగిలిన పులుసు గిన్నెతో సహా కారులో పెట్టేదాకా ఆర్డిత్ కదల్లేదు. ఇంటికొచ్చి ఆ పులుసు రుచి చూసి, "దీనికి కూడా పంచదార వేసింది" అంది. రెండు గిన్నెలు తాగింది.

ఆ మే నెలలో పూల డబ్బాలతో పాటు ఎమిల్ తాపీ, గుప్పెడు సిమెంటు కూడా శ్మశానానికి వెళ్లాయి. గ్లెన్ వద్దంటున్నా వినకుండా ఆర్డిత్ మోకాళ్ల మీద కూర్చుని పంతొమ్మిదిని తనే పూడ్చింది. అతుకు తెల్లగా, కాస్త ఉబ్బెత్తుగా వచ్చింది. అటు తిరిగి చూసి, ఇటు తిరిగి చూసి, "ఎమిల్ పంట్లాం మోకాలి అతుకులా ఉంది" అని మురిసిపోయింది.

ఆ తర్వాత ఆమె పదేళ్లు బతికింది. పదేళ్లూ నాలుగున్నరకు దీపం వెలిగింది. 2010 అక్టోబరులో ఒకరోజు వెలగలేదు. లొరీన్ కాఫీ కప్పు అక్కడే పెట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఆర్డిత్ మంచం మీద చేతులు పొట్ట మీద పెట్టుకుని ఉంది. ఈసారి గౌను పాతదే. పెరట్లో వెల్లుల్లి నాటి నీళ్లు పోసిన తడి ఇంకా ఆరలేదు.

సమాధి రాయి దగ్గర గ్లెన్ తల గోక్కున్నాడు. "లొరీన్ గారూ, ఈ సిమెంటు తీసేసి నున్నగా చేసి చెక్కమంటారా?"

"దాన్ని ముట్టుకోకు. దాని మీదే చెక్కు" అంది లొరీన్.

సిమెంటు పెళుసుగా ఉండి అంకెలు వంకరగా పడ్డాయి. అయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి. పని అయ్యాక గ్లెన్ ఉలి తుడుచుకుంటూ పక్క స్థలం వైపు చూశాడు. అది లొరీన్‌ది, డువేన్‌ది. రాయి నిరుడే వేయించారు, పేర్లు చెక్కి ఉన్నాయి.

"ఎలాగూ ఉలి చేతిలో ఉంది. మీ ఇద్దరికీ మొదటి రెండంకెలు చెక్కేయనా? ఇరవయ్యే కదా, ఇక ఢోకా లేదు. ఊరికే చెక్కుతాను."

డెబ్బై ఎనిమిదేళ్ల లొరీన్ చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు నాయనా, ఖాళీగా ఉండనీ. నాకు ఇంట్లో అమ్మ వదిలిపోయిన పదమూడు కోళ్లున్నాయి" అని కారు ఎక్కింది.