కింది ఇంటాయన రాగి డబ్బు

నాకసలే నోరెక్కువ. అలాంటిది కరోనా రెండో వేసవిలో నెల రోజుల పాటు ఎవరితోనూ పోట్లాడలేదు. అంటే ఎంత మొద్దుబారిపోయానో మా ఆయన్ని అడగండి, చెప్తారు. పాలు పొంగిపోతుంటే పొయ్యి పక్కనే నిలబడి చూస్తూ ఉండేదాన్నట.

అప్పుడు మేం బ్రెమెన్‌లో ఉండేవాళ్లం, మూడో అంతస్తులో. మా కింద ఎనభై దాటిన పెద్దాయన ఒక్కడే ఉండేవాడు. మొదటి లాక్‌డౌన్ నుంచీ ఆయన సరుకులు నేనే తెచ్చేదాన్ని. సంచీ గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, రెండు మెట్లు పైకెక్కి నిలబడితే ఆయన తలుపు తీసి కాసేపు కబుర్లు చెప్పేవాడు. నా జర్మన్ అంతంతమాత్రం కాబట్టి చంటిపిల్లకి చెప్పినట్టు నిదానంగా మాట్లాడేవాడు. బంగాళాదుంపలు చిన్నవి తెస్తే మాత్రం సణిగేవాడు. నేనూ ఊరుకునేదాన్ని కాదులెండి.

ఆ వసంతంలో ఆయనకి తుంటి ఆపరేషన్‌కి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. ఆసుపత్రికి వెళ్లే ముందురోజు నన్ను పిలిచి ఒక అగ్గిపెట్టె చేతిలో పెట్టాడు. తెరిస్తే దూది మీద నల్లటి బిళ్ల. మన పాత కానీ అంత ఉంటుందేమో.

"రాగి డబ్బు. ఒకప్పుడు స్వీడన్ రాజు సముద్రం దాటించి మా పొమెరేనియాకి, అంటే నేను పుట్టిన ప్రాంతానికి, సైన్యాన్ని పంపాడు. అక్కడ ఖర్చు పెట్టుకోవడానికి వాళ్ల కోసం కొట్టించింది ఇది. వాళ్ల దేశంలో చెల్లేది కాదు" అన్నాడు.

చిన్నప్పుడు వాళ్లమ్మతో బంగాళాదుంపలు తవ్వుతుంటే దొరికిందట. ఆ తర్వాత యుద్ధం చివర్లో ఇల్లూ పొలమూ వదిలేసి పారిపోయి వచ్చేశారు. ఆయన జేబులో ఇదొక్కటే మిగిలింది.

"ఎప్పుడూ కడగలేదు. చూడండి, అక్షరాల సందుల్లో ఉన్నది మా పొలం మట్టే. మా ఇంటి నుంచి నాకు మిగిలింది అంతే. నేను తిరిగి రాకపోతే దీన్ని నాతోపాటు పాతిపెట్టించండి. కడగొద్దు, రుద్దొద్దు" అన్నాడు. రెండుసార్లు అన్నాడు.

"అయ్యో, మీ డబ్బు కడిగే తీరిక నాకెక్కడిది!" అని నవ్వి మాటిచ్చాను. మా ఇంట్లో దేవుడి గూటిని మించిన భద్రమైన చోటు లేదు. తీసుకెళ్లి పంచపాత్ర పక్కన పెట్టాను.

తర్వాత వారానికి విజయవాడలో మా అక్క పోయింది. జ్వరమన్న ఐదో రోజే. విమానాల్లేవు. ఉన్నా ఎవరు రానిస్తారు? ఫోన్లో చూపించారు. ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఉంది, మొహం కూడా తెలియలేదు. మధ్యలో సిగ్నల్ పోయింది. నేను ఫోన్ పక్కన పెట్టేసి ఉల్లిపాయలు తరిగాను. వాటికి కూడా కళ్లల్లో నీళ్లు రాలేదు, నమ్ముతారా?

మూడు రోజుల మైల అయ్యాక తలస్నానం చేసి దేవుడి సామానంతా సింకులో వేసుకున్నాను. చెంబు, పంచపాత్ర, ఉద్ధరిణి, హారతి పళ్లెం. చింతపండు, ఉప్పు. ఒక్కొక్కటీ తోముతున్నాను. అగ్గిపెట్టె ఎప్పుడు తెరిచానో నాకు గుర్తులేదు. దేవుడి దగ్గర మురికి వస్తువేంటి అనుకున్నానో, పక్కింటి గిన్నెని కడగకుండా తిరిగివ్వని అలవాటే చేయించిందో! మొత్తానికి దాన్ని కూడా తోమేశాను. పాత బ్రష్ పెట్టి మరీ, సందుల్లో.

మా పాప వచ్చి "షోన్! షోన్!" అని గంతులేసింది, బాగుందని. నిజంగానే కొత్త పైసాలా మెరుస్తోంది. దాని విలువ తెలిపే మూడంకె స్పష్టంగా కనిపిస్తోంది. సింకులోకి చూస్తే కాస్త గోధుమరంగు నీళ్లు తిరుగుతూ పోతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆయన మాట. నా బుద్ధి గడ్డి తిన్నదనీ తెలిసింది. అయినా గుండె దడదడలాడలేదు, ఏం లేదు. కుళాయి కట్టేసి చెయ్యి తుడుచుకున్నాను.

ఇంకో నాలుగు వారాలకి పెద్దాయన చేతికర్రలతో తిరిగొచ్చాడు. "కడిగానని చెప్పకు, ఎక్కడో పడిపోయిందను" అన్నారు మా ఆయన. వినలేదు. మాస్కు పెట్టుకుని కిందికి వెళ్లి, అగ్గిపెట్టె అందించి, మెట్ల మీదకి ఎక్కకుండా అక్కడే నిలబడ్డాను.

ఆయన తెరిచాడు. కళ్లజోడు పైకి నెట్టుకుని చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. గోరుతో అక్షరాల సందులో గీరి, ఆ గోరు చూసుకున్నాడు. గోటికి ఏమీ అంటలేదు.

"కడిగాను" అన్నాను.

ఆయన బిళ్లని మళ్లీ దూది మీద పెట్టాడు. "మీ అక్క సంగతి విన్నాను. ఆ పరిస్థితిలో మీరు మాత్రం ఏం చేస్తారు? మీ తప్పేం లేదు" అన్నాడు.

అదిగో, అదే మాట. అక్క పోయినప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ అదే. నువ్వేం చేయగలవు, నీ తప్పేముంది, అంత దూరంలో ఉండి. అక్క జ్వరమని ఫోన్ చేసిన మొదటిరోజు నేను మీటింగులో ఉన్నానని కట్ చేశాను. సాయంత్రం కూడా చెయ్యలేదు. ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు, వాళ్లెవరూ అడగలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. నెల రోజుల తర్వాత మొదటిసారి.

"ఎందుకు లేదు తప్పు? మీరు రెండుసార్లు చెప్పారు. నేను విన్నాను. మాటిచ్చాను. నేనే చేశాను!" అని అరిచాను. మెట్లన్నీ మారుమోగాయి. సగం జర్మన్, సగం తెలుగు.

ఆయన అగ్గిపెట్టె మూశాడు.

"అవును. మీరే చేశారు" అన్నాడు.

అంతే, అక్కడే కూలబడిపోయాను. "అక్కా, అక్కా" అని ఏడ్చాను. ఆయన తలుపు వేసుకోలేదు.