మొలతాడు బిగిసిన వారం

కోకాపేటలో ఆకాశంతో పోటీ పెట్టుకోని కట్టడం ఏదైనా మిగిలిందంటే అది ఆ రెండంతస్తుల పాత ఇల్లు ఒక్కటే. దాని సొంతదారులైన ముగ్గురు అన్నదమ్ములు ఒకరిమీద ఒకరు వేసుకున్న దావాలు తేలేదాకా దాన్ని కూలగొట్టే హక్కు ఎవరికీ లేదు. న్యాయస్థానాల నిదానం వల్ల ఈ దేశంలో ఎవరికైనా మేలు జరిగిందా అని అడిగేవాళ్లను తీసుకెళ్లి చూపించదగ్గ ఇల్లు అది. ఆ దావాల పుణ్యమా అని అది తక్కువ కిరాయికి ఒక ధర్మసంస్థ చేతికి వచ్చింది. కన్నవాళ్లు వదిలేసిన పసికందుల్లో, జబ్బు వల్ల మామూలు శిశుగృహాలు సాకలేమన్నవాళ్లను అక్కడ పెంచుతారు. ఒకరికి ముక్కులో గొట్టం, ఒకరికి తలలో నీరు, ఒకరికి గుండెలో రంధ్రం. చుట్టూ ఉన్న నలభై అంతస్తుల బాల్కనీల్లోంచి చూసేవాళ్లకు మాత్రం ఎప్పుడూ చిన్న చిన్న గుడ్డలు ఆరేసి ఉండే ఇల్లు అది, అంతే.

రుక్కమ్మ ఆ ఇంట్లో ఆయా. బోరబండ నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది. అంతకుముందు ఒక సాఫ్ట్‌వేర్ భవనంలో పద్నాలుగో అంతస్తును ఏళ్ల తరబడి తళతళలాడించింది. మోకాళ్లు మొరాయించాక అక్కడివాళ్లు ఆమెకు ఒక స్టీలు డబ్బా బహూకరించి పంపేశారు. ముగ్గురు పిల్లలను పెంచి పెద్దచేసినందుకైతే ఆ డబ్బా కూడా రాలేదు. మోకాళ్లు పోయినా ఒడి మిగిలింది గనుక ఆ ఒడికి తగ్గ కొలువు వెతుక్కుని ఇక్కడికి వచ్చింది.

ఆమెకు అప్పగించిన బిడ్డ పేరు కాగితాల్లో శివశంకర్. పిడికెడు మనిషికి అంత పేరు మోయడం కష్టమని ఇంట్లో అందరూ చిన్ను అనేవారు, ఒక్క పట్టాభిరామయ్య తప్ప. ఆయన బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై, భీమవరం వైపు మర్యాదనంతా వెంటబెట్టుకొచ్చి, జీతం లేకుండా ఆ గృహాన్ని నడుపుతున్న పెద్దమనిషి. ఆయన దృష్టిలో పాలసీసా పట్టుకోగలిగిన ప్రతి ప్రాణీ "గారు"కు అర్హమే. "శివశంకర్ గారికి డైపరు మార్చాలేమో చూడండి" అని ఆయన గంభీరంగా అంటే, కొత్తగా వచ్చిన ఆయాలు వెనక ఎవరైనా ఆఫీసరు నిలబడ్డాడేమోనని తిరిగి చూసేవారు.

చిన్ను గుండెలో రంధ్రం ఉంది. ఐదు కిలోలకు వస్తే ఆపరేషన్ చేస్తామని దవాఖానలో పెద్ద డాక్టరు చెప్పాడు. ఇది వినడానికి సులువు. కానీ ఆ పిల్లాడికి పాలు తాగడమంటే మనకు గోల్కొండ కోట ఎక్కడమంత పని. నాలుగు గుక్కలు తాగి ఆయాసపడతాడు, నుదుటి మీద చెమట పోస్తుంది, నిద్రపోతాడు. రుక్కమ్మ చెవి తమ్మెలు నిమిరి లేపుతుంది. మళ్లీ నాలుగు గుక్కలు. ఒక సీసా అయ్యేసరికి ఇంకో సీసా వేళవుతుంది. తాగి సంపాదించిన బరువు తాగే కష్టానికే ఖర్చయిపోతుంటే తూకం ముల్లు కదలడం ఎలా?

అందుకని ప్రతి సోమవారం తూకం ఆ ఇంట్లో ఒక మహోత్సవం. పట్టాభిరామయ్య అద్దాలు తుడుచుకుని వచ్చి అంకెను పైకి చదివేవాడు. ఆ పక్క టవర్లోనే పనిచేస్తూ శనివారాలు పిల్లలను ఎత్తుకోవడానికి వచ్చే హర్షిణి, గోడకు ఒక చార్టు అంటించి చుక్కలు పెట్టేది. గీత పైకి పోవడాన్ని మించిన శుభం లేదని ఆ ప్రాంతంలో భూముల బ్రోకర్ల నుంచి మేనేజర్ల దాకా అందరికీ గట్టి నమ్మకం. రుక్కమ్మకు చార్టు అర్థం కాలేదు. ఆమె కొలమానం వేరే. ఆమె ఇంట్లో బిడ్డ ఒళ్లు చేస్తున్నాడో లేదో మొలతాడు చెబుతుంది. అది బిగుసుకుంటే బిడ్డ పెరిగినట్టు. ముడి విప్పి వదులు చేసి, నలుగురికీ తీపి పెడతారు. చిన్నుకు ఆమె కట్టిన నల్ల మొలతాడు నెలలు గడిచినా నడుము మీంచి జారిపోతూనే ఉండేది.

అలాంటిది, ఆ ఇంటి నర్సు స్రవంతి తన చెల్లెలి పెళ్లికని సిద్దిపేట వెళ్లిన వారంలో, మొలతాడు బిగిసింది.

రుక్కమ్మ ముందు తన కళ్లను నమ్మలేదు. వేలు దూర్చి చూసింది, దూరలేదు. ముడి విప్పి వదులు చేసింది. సోమవారం ముల్లు ఎన్నడూ లేనంత కదిలింది. పట్టాభిరామయ్య అంకెను రెండుసార్లు చదివాడు. ఫోటో తీసి స్రవంతికి పంపితే, పెళ్లిపందిట్లోంచి ఆమె వరసగా ఎర్ర గుండెకాయ బొమ్మలు పంపింది. గురువారానికి మొలతాడు మళ్లీ బిగిసింది.

"మా పోరగాళ్లకు ఏడాదికొక్కపారి వదులు చేస్తుంటి సార్. వీనికి వారంల రెండుపార్లాయె" అని రుక్కమ్మ అన్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన గర్వం, ఆ చుట్టుపక్కల ఏ కంపెనీ వార్షిక సమావేశంలోనూ కనిపించి ఉండదు.

బుగ్గలు నిండాయి. పాదాలు బొద్దుగా అయ్యాయి. అంతకుముందు ఊరికే గునిసేవాడు కాస్తా ఎక్కువసేపు పడుకోసాగాడు. డైపర్లు తడవడం తగ్గితే, తాగిందంతా ఒంటికి పడుతోందని రుక్కమ్మ ఇరుగుపొరుగు ఊయలల ఆయాలకు వివరించింది. వాళ్లూ ఒప్పుకున్నారు. బోరబండ నుంచి జిలేబీ తెచ్చి ఇంటిల్లిపాదికీ పంచింది. తీపి తినకూడని పట్టాభిరామయ్య కూడా, శివశంకర్ గారి గౌరవార్థం, ఒక చుట్టు తిన్నాడు.

శనివారం మధ్యాహ్నం స్రవంతి చేతుల గోరింటాకుతోనే నేరుగా వచ్చింది. నవ్వుతూ ఊయల దగ్గరికి నడిచి, చిన్ను ముఖం చూసి ఆగింది. దుప్పటి తీసి వాడి పాదం మీద బొటనవేలితో నొక్కి వదిలింది. వేలు నొక్కినచోట గుంట అలాగే ఉండిపోయింది. పూడడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ అందరూ దాన్నే చూశారు.

"గిట్ల ఎన్ని దినాల సంది ఉన్నదక్కా?" అంది స్రవంతి.

"ఏందది? ఒళ్లు చేసిండు గద సిస్టర్."

"ఒళ్లు కాదక్కా. నీరు పట్టింది. గుండె పని చేస్తలేదు."

రుక్కమ్మ ఆమె వైపు చూసింది. "నేను పాలే పట్టిన సిస్టర్. నీళ్లు ఒక్క చుక్క పొయ్యలే" అంది.

స్రవంతి వ్యాను డ్రైవర్ను పిలిచింది. ఫోటోలో అంకెను చూసి గుండెకాయలు పంపింది తనేనన్న సంగతి ఆమెకు దారిలో గుర్తొచ్చి ఉండాలి. వ్యానులో ఆమె ఫోను తీసి ఆ ఫోటోనే చూస్తూ కూర్చుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో, స్కూటర్ల వాళ్లు అంబులెన్సు కాని ఆ వ్యాను వైపు విసుగ్గా చూస్తుంటే, రుక్కమ్మ మొలతాడు ముడి పూర్తిగా విప్పి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గుప్పిట్లోనే పట్టుకుంది.

దవాఖానలో మందులిచ్చి నీరు తీశారు. చిన్ను బరువు రోజురోజుకూ తగ్గింది. అక్కడ అదే శుభవార్త అనేవారు. పాలు మాత్రం చుక్కలు లెక్కపెట్టి ఇవ్వాలి, అంతకు మించితే మళ్లీ నీరు చేరుతుంది. చెవులు నిమిరి బతిమాలి తాగించిన ఆ మనిషే ఇప్పుడు, బిడ్డ ఇంకా చప్పరిస్తుండగా నోట్లోంచి సీసా లాగేయాల్సి వచ్చింది. వాడు ఏడిచేవాడు కాదు, ఏడవడానికీ బలం కావాలి. ఖాళీ పెదాలు మాత్రం కాసేపు కదిలేవి.

నీరంతా పోయాక తూస్తే, మొదట ఆ ఇంటికి వచ్చినప్పటికంటే కాస్తే ఎక్కువ ఉన్నాడు. నెలల తరబడి నాలుగు గుక్కల చొప్పున పేర్చినదంతా కరిగిపోయింది. పెద్ద డాక్టరు పట్టాభిరామయ్యను, స్రవంతిని కూర్చోబెట్టి చెప్పాడు. ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడ్డాయి, ఇక రంధ్రం మూసినా బిడ్డ దక్కడు, ఆపరేషన్ లేదు. రుక్కమ్మకు కుర్చీ లేదు, తలుపు దగ్గర నిలబడింది. ఆమె అడిగింది ఒక్కటే ప్రశ్న.

"ఆ వారం ముందుగాలనే తోలుకొస్తే ఆపరేషన్ అవుతుండెనా సార్?"

అవుతుండెనంటే ఏడ్చేది. కాకపోతుండెనంటే ఊపిరి పీల్చుకునేది. ఆ డాక్టరు చదువుకున్నవాడూ నిజాయితీపరుడూ కావడం ఆమె దురదృష్టం. చెప్పలేమమ్మా, అన్నాడు.

పట్టాభిరామయ్య వ్యాను ఎక్కుతూ, తప్పు గృహానిదనీ, అంటే తనదనీ, రుక్కమ్మ గారిది కాదనీ ఒక చక్కటి వాక్యం తయారుచేసుకున్నాడు. చెప్పాడు కూడా. రుక్కమ్మ తల ఊపింది. ఆ రాత్రి బోరబండలో మనవడిని కూర్చోబెట్టి అన్నం పెడుతూ, పలకరించకుండానే వాడి పాదం మీద బొటనవేలితో నొక్కానని, వాడు "ఏంది నానీ, చక్కిలిగిలి" అన్నాడని తర్వాత ఎప్పుడో స్రవంతికి చెప్పింది. ఆటోలో పక్కన కూర్చున్న ముసలామె పాదాలు కూడా చూస్తోందట. చూడకుండా ఉండలేకపోతోందట.

చిన్నుతో ఇంటికి తిరిగి వచ్చిన రెండోనాడు స్రవంతి మందుల పెట్టె సర్దుతూ, తల ఎత్తకుండా అంది. "పెద్ద డాక్టరు ఇగ కొలతలు వద్దన్నరక్కా. వాడు ఎంత తాగితే అంత పట్టు."

ఎందుకు వద్దన్నారో రుక్కమ్మ అడగలేదు. చేతులు కడుక్కుని, సీసా అంచుదాకా పాలు పోసింది. అంత నిండు సీసా చిన్ను ఎన్నడూ చూడలేదు. కిటికీ పక్కన చాప మీద కూర్చుని, మోకాళ్లు నొప్పెడుతున్నా కాళ్లు చాపకుండా, వాడిని ఒడిలోకి తీసుకుంది. తాగు కొడుకా, ఇగ గుంజుకోను, అంది. చిన్ను రెండు గుక్కలు తాగాడు. నోరు వదిలేశాడు. ఆమె చెవి తమ్మె నిమిరింది. కళ్లు తెరిచి ఆమెనే చూశాడు, పెదాలు మాత్రం మూసుకునే ఉన్నాయి.

పట్టాభిరామయ్య గుమ్మంలోకి వచ్చాడు. "శివశంకర్ గారి భోజనం అయిందాండీ?" అని అడిగాడు.

"తాగుతున్నడు సార్. జర నిదానంగ."

ఆయన వెళ్లిపోలేదు. ఆయాలు కూర్చునే పొట్టి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. రుక్కమ్మ సీసాను బిడ్డ పెదాలకు ఆనించే పట్టుకుంది. అందులో పాలు తగ్గలేదని ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.