వీధివైపు పెట్టిన క్యాసెట్

ఫౌజు నుంచి రిటైరై వచ్చిన మా బాపుకు పట్నం డాక్టర్ ఒక క్యాసెట్ ఇచ్చాడు. నిండా తుపాకుల, బాంబుల మోతలే. యుద్ధం చూసొచ్చినవాళ్లు ఆ చప్పుళ్లు రోజూ కాసేపు వింటే లోపలి భయం అరుగుతుందా అన్నది ఆయన పరిశోధన. ఒంటరిగా వినమని ఇయర్‌ఫోన్లూ ఇచ్చాడు.

బాపు వాటిని డబ్బా లోంచి తియ్యనే లేదు. తొంభైల్లో మా శామీర్‌పేట వాడలో టేప్ రికార్డర్ ఉన్నవాడు దాన్ని కిటికీలో వీధివైపు పెట్టాలి. ఒక్కడే వినేవాడు పిసినారి. రోజూ పొద్దున ఎదురింటివాళ్ల భక్తిపాటలు అయిపోగానే మా ఇంట్లో యుద్ధం మొదలయ్యేది. ఆపమని నేను గొంతు చించుకున్నా ఆ బాంబుల్లో ఎవరికి వినపడాలి? మా కిటికీ పక్కనే గుంటూరు నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగి ఇల్లు. పాపం, మొహమాటస్తుడు, ఏమీ అనేవాడు కాదు.

కొన్నాళ్లకు డాక్టర్ మళ్లీ వచ్చి, వాకిట్లో కూర్చుని, ఎలా ఉందని అడిగాడు.

"మస్తుగున్న సార్," అన్నాడు బాపు.

అప్పుడే కరీంనగర్ రోడ్డు మీద లారీ టైరు ధడేల్‌మని పేలింది. బాపు నేలమీద బోర్లా పడ్డాడు. గేటు అవతల బ్యాంకాయన కూడా, టై కట్టుకున్నవాడు కట్టుకున్నట్టే, తన స్కూటర్ పక్కన బోర్లా పడ్డాడు.

బాపు పాకుకుంటూ ఆయన దగ్గరికి పోయాడు. "చెవులు మూసుకొని నోరు తెరువు సార్. లేకుంటే కర్ణభేరి పగుల్తది."

ఆయన చెవులు మూసుకుని నోరు తెరిచాడు. తర్వాత అడిగాడు: "ఈ భయం ఎప్పటికి తగ్గుద్దండీ?"

"తగ్గది సార్," అన్నాడు బాపు, డాక్టర్ వింటుండగానే. "పక్కన ఇంకొకడు పండుకుంటే జర నయం."