తేట గిన్నె, ఎర్ర గిన్నె

ఉడికిన సముద్రపు నాచు వాసన ఉన్నికోటుకు పట్టిందంటే రెండు ఉతుకులకు గానీ వదలదు. నిన్న ఆఫీసువాళ్ళతో కలిసి, బల్లమీదే మరిగే రసంలో ఉడికించుకొని తినే జపనీస్ హాట్‌పాట్‌కి వెళ్ళొచ్చాను. ఇవాళ తలుపు వెనక వేలాడుతున్న కోటులోంచి ఉప్పగా, కాస్త బురదబురదగా ఆ వాసన వచ్చి, మోరిస్‌విల్‌లోని ఈ గదిలోంచి నన్ను లేపి, అరిజోనాలోని చాండ్లర్‌లో, నా పదమూడో ఏట ఒక శనివారం మధ్యాహ్నంలో కూర్చోబెట్టింది.

చాండ్లర్ ఎండాకాలం ఏప్రిల్‌లో మొదలైతే దసరా దాకా దిగేది కాదు. సీటు బెల్టు ఇనుప ముక్క తొడకు తగిలితే చురుక్కుమని వాత తేలేది, కుళాయి తిప్పితే చన్నీళ్ళ వైపు కూడా వేణ్ణీళ్ళే వచ్చేవి, జులైలో ఒక్కోసారి ఆకాశమంత ఎత్తున ఎర్రదుమ్ము లేచి వీధి వీధినంతా మింగేసేది. బయట ఆడుకునే ఆటంటూ లేని అలాంటి శనివారాల్లో మా ఇల్లూ, నాన్నకి మేనేజరైన రామ్మోహన్ అంకుల్ ఇల్లూ, ఇంకో రెండు తెలుగిళ్ళూ కలిసి, తిన్నవాళ్ళకు తిన్నంత పెట్టే ఒక హాట్‌పాట్ హోటల్‌కి బయలుదేరేవాళ్ళం. ఏకాదశికి కాఫీ కూడా మానని పెద్దలు ఆ పూట కోసం పొద్దుటినుంచి మంచినీళ్ళతో సరిపెట్టుకునేవారు. దేవుడికి దక్కని ఉపవాసం బఫేకి దక్కేది. నడుం దగ్గర సాగే ప్యాంట్లు ఏరికోరి తొడుక్కొని వచ్చి, కాగితమంత పల్చగా చుట్టిన మాంసాన్నీ, తెల్లదారాల్లాంటి పుట్టగొడుగుల్నీ, క్యాబేజీనీ, లావుపాటి నూడుల్స్‌నీ పళ్ళేలకు పళ్ళేలు తెప్పించుకొని, అన్నిటిమీదా హ్యాండ్‌బ్యాగుల్లోంచి తీసిన కారప్పొడి చల్లుకొని, జపాను వంటలో అసలు రుచే ఉండదని తీర్పు చెప్పేవారు. ఆ తీర్పు చెబుతూనే నాలుగో పళ్ళెం తెప్పించేవారు. పిల్లలం మాత్రం చేపముద్దల్ని రసంలో ఒక్కసారే వదిలి, ఎవరిది ముందు తేలుతుందా అని పందెం కాసి, ఓడినవాడి ఐస్‌క్రీమ్ గెలిచినవాడు నాకేలా ఒప్పందం చేసుకొనేవాళ్ళం.

పొడుగు బల్లకు రెండు కొసల్లో రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు. ఒకదాంట్లో అద్దంలా తేటగా ఉండే రసం, రెండోదాంట్లో ఎర్రగా నూనె తేలే రసం. తేట గిన్నె శాకాహారులదని మొదటి రోజే తేల్చినవారు అంకుల్ భార్య లలిత ఆంటీ. హోటల్‌వాళ్ళు అలా చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. తేటగా ఉంది కాబట్టి పవిత్రం, ఎర్రగా ఉంది కాబట్టి మైల. రంగు చూసి మనుషుల్ని విడదీసే అలవాటున్న కళ్ళకు రసాన్ని విడదీయడం ఎంతసేపు? కంప్యూటర్ చిప్‌మీద కంటికి కనపడని మచ్చను పట్టుకోవడం ఉద్యోగంగా ఉన్నవాళ్ళు, తాము తాగుతున్నదాంట్లో ఏముందో మూడేళ్ళపాటు ఒక్కసారి కూడా అడగలేదు.

మేము ఎర్ర గిన్నెవాళ్ళం. అయితే మా అమ్మ శనివారం మాంసం ముట్టేది కాదు, వెంకటేశ్వరస్వామి మొక్కు. అయినా తేట గిన్నె వైపు ఆమెను ఎవరూ పిలవలేదు. మా ఊరేదో, ఆ ఊళ్ళో మా ఇల్లు ఏ కొసన ఉండేదో పరిచయమైన మొదటి వారంలోనే ఆంటీ చాలా మర్యాదగా అడిగి తెలుసుకున్నారు. అమ్మ ఉత్త అన్నంలో సోయాసాసు కలుపుకొని తిని, ఆకలి లేదని చెప్పేది.

ఆ రోజు బల్ల దగ్గర కుర్చీలు చాలక అమ్మ తేట గిన్నె కొసన కూర్చోవలసి వచ్చింది. ఆంటీవాళ్ళ నాలుగేళ్ళ పిల్లవాడు నూడుల్స్ కావాలని ఏడుపు మొదలెట్టాడు. ఆంటీ సాసులు తెచ్చుకోవడానికి వెళ్ళారు. అమ్మ ఎవరూ వాడని కొత్త గరిటె తీసుకొని, తేట గిన్నెలో నూడుల్స్ వేసి, కలిపి, ఉడికాక చిన్న గిన్నెలోకి తీసి, ఊదిఊది చల్లార్చి వాడికి పెట్టబోయింది. తిరిగొచ్చిన ఆంటీ చిరునవ్వు చెరగకుండానే ఆ చిన్న గిన్నె అందుకొని పక్కన పెట్టి, వెయిట్రెస్‌ని పిలిచి సూప్ మొత్తం మార్చమన్నారు.

"నేనియ్యాల మాంసం ముట్టలేదు వదినా," అంది అమ్మ.

"అయ్యో, అందుకు కాదండీ. ఏదో అలవాటు, అంతే."

అందుకు కాదట. ఆ ఒక్క మాటలో ఆంటీ నిజమే చెప్పారు. వెయిట్రెస్ రెండు చేతులతో గిన్నె మోసుకుపోతుంటే అమ్మ తన అరచేతుల్ని ఒళ్ళో పెట్టుకొని వాటికేసి చూసుకుంటోంది. పిల్లవాడు ఇంకా ఏడుస్తున్నాడు.

మా నాన్న కాలేజీ రోజుల్లో కులనిర్మూలన సభల్లో మాట్లాడినవాడు. ప్రతి ఆదివారం ఉదయం నాకొక అంశం ఇచ్చి, దేవుడి తరఫునా దేవుడికి ఎదురుగానూ వాదించమనేవాడు. అడగనిదే ఏదీ నమ్మకూడదని నేర్పింది ఆయనే. అందుకని వెయిట్రెస్ కొత్త గిన్నె తెచ్చి పెట్టగానే, ఇందులో ఏమేం వేస్తారని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఎర్రదాంట్లో సోయా ముద్ద, మిరపకాయ. తేటదాంట్లో సముద్రపు నాచు, ఎండుచేప పొరలు.

అది నేను బల్ల చివరిదాకా వినపడేలా తెలుగులో చెప్పాను. ఆంటీ చేతిలోని చెంచా ఆగిపోయింది. అంకుల్ మాత్రం మూతి తుడుచుకొని, తొణక్కుండా అన్నారు: "తెలియక తింటే దోషం లేదమ్మా, తెలిసి తింటేనే దోషం. అందుకే పెద్దవాళ్ళు అన్నీ అడగరు."

అజ్ఞానాన్ని ఆచారంగా కాపాడుకునే విద్యను ఇంత సూటిగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కానీ ఆ రోజు నాకు కోపం వచ్చింది ఆయనమీద కాదు. నాన్న లేచి నా వెనక నిలబడ్డాడు. మా గ్రీన్‌కార్డ్ ఫైలు అంకుల్ సంతకం కోసం ఆగి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు.

"సే సారీ టు ఆంటీ," అన్నాడు ఇంగ్లీషులో. ఆదివారం వాదాలన్నీ తెలుగులో జరిగేవి.

నేను అమ్మవైపు చూశాను. ఆమె చెప్పమంటే చెప్పేసేదాన్నే.

"చెప్పబాకు," అంది అమ్మ. తర్వాత కొత్త తేట గిన్నెలోంచి గరిటెడు రసం తన గిన్నెలోకి పోసుకుంది. శనివారం పూట, ఎండుచేప ఉందని తెలిసి, రెండు చేతులతో పైకెత్తి, అంకుల్ చూస్తుండగా చివరి చుక్కదాకా తాగింది. తాగి, నోరు తుడుచుకొని, "ఇంటికి పోదాం పా," అంది.

ఆ మర్నాడు మా ఇంట్లో వాదం జరగలేదు. ఆ తర్వాత ఏ ఆదివారమూ జరగలేదు. సంతకం మాత్రం మూడు వారాల తర్వాత వచ్చింది. దానికోసం నాన్న వాళ్ళింటికి ఒంటరిగా వెళ్ళి ఏం చెప్పి వచ్చాడో ఇప్పటికీ చెప్పడు.

ఇప్పటి హాట్‌పాట్ హోటళ్ళు వేరు. మనిషికొక చిన్న పొయ్యి, మనిషికొక చిన్న గిన్నె. కూరలూ మాంసమూ కదిలే పట్టీ మీద ఎదురుగా వచ్చి ఆగుతాయి. శుభ్రమని, సౌకర్యమని అందరూ మెచ్చుకుంటారు. ఎవరి గరిటె ఎవరికీ తగలదు, గిన్నె మార్చమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. మూడువేల ఏళ్ళ శాస్త్రాలు చెమటోడ్చి నిలబెట్టినదాన్ని ఒక ఫర్నిచర్ కంపెనీ ఏ గొడవా లేకుండా బిగించి ఇచ్చింది.

పోయిన నెల లలిత ఆంటీ, ఇప్పటికీ చాండ్లర్‌లోనే ఉంటున్న నాన్నకి ఫోన్ చేశారట. కొత్త హోటల్ పెట్టారు, ఎవరి గిన్నె వాళ్ళదే, ఏ ఇబ్బందీ ఉండదు, పాత స్నేహితులం ఒక శనివారం కలుద్దాం అన్నారట. నాన్నకు సంబరం. అమ్మను ఒప్పించమని నాకు ఫోన్ చేశాడు. ఆ పని నేను చేయనన్నాను. వెనక నుంచి అమ్మ గొంతు వినపడింది.

"అందరికీ కలిపి ఒకటే గిన్నె పెట్టే చోటుకైతే వస్తానని చెప్పండి."

నాన్న ఊళ్ళోని హోటళ్ళన్నిటికీ ఫోన్ చేశాడు. అలాంటిది చాండ్లర్‌లో ఒక్కటి కూడా మిగల్లేదు.